ఎండాకాలం దుబాయ్ వెళ్ళొచ్చాక నన్ను అందరూ అడిగిన ప్రశ్నలు

జూలై మూడో వారంలో అమ్మను తీసుకుని ఐదు రోజులు దుబాయ్ వెళ్ళొచ్చాను. మాది జగిత్యాల వైపు పల్లె. మా దగ్గర కువైట్ పోయినా, మస్కట్ పోయినా, దోహా పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. మా మేనమామ మాత్రం నిజంగానే దుబాయ్‌లో ఉంటాడు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ షట్టరింగ్ కార్పెంటర్. మూడేళ్ళ నుంచి ఇంటికి రాలేదు. తమ్ముణ్ణి చూడకుండా అమ్మ ఇక ఉండలేకపోయింది. చల్లబడ్డాక వెళ్దామంటే వినలేదు.

తిరిగి వచ్చినప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, ఊళ్ళో కొడుకుల్ని పంపినవాళ్ళు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

రామగుండం ఎండలు చూసినవాళ్ళం. దుబాయ్ ఎండ మనకొక లెక్కా?

లెక్కే. మన రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండ వేరు, అక్కడి ఎండ వేరు. రామగుండంలో, రెంటచింతలలో 45 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. చెట్టు నీడకు వెళ్తే ప్రాణం లేచొస్తుంది. దుబాయ్ సముద్రం ఒడ్డున ఉంది. ఆ గల్ఫ్ సముద్రం లోతు తక్కువ, వేసవికి నీళ్ళు స్నానానికి కాచినట్టు వెచ్చబడతాయి. ఆ ఆవిరంతా ఊరి మీదికి వస్తుంది. థర్మామీటర్‌లో 41 కనిపించినా చెమట ఆరదు, ధారగా కారుతూనే ఉంటుంది. నీడలో నిలబడ్డా అంతే.

మేం దిగింది రాత్రి పదకొండు గంటలకు. ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకోగానే నా కళ్ళజోడు మీద పొగమంచులా ఆవిరి పట్టింది. అద్దాలు తుడుచుకునేలోపు చొక్కా తడిసిపోయింది. అమ్మ ఆగి, "ఎవరో వంటింట్లో ఎసరు మూత తీసినట్టుందిరా" అంది. అంతకంటే సరిగ్గా చెప్పడం నాకు రాదు. మామయ్య అన్నది కూడా అదే: "అక్కా, గిది మన ఎండ కాదే. గాలిలనే నీళ్ళుంటయ్."

రాత్రి చల్లబడుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. జూలై, ఆగస్టుల్లో తెల్లవారుజామున కూడా 30 డిగ్రీలకు పైనే ఉంటుంది. సూర్యుడు దిగిపోయాక తేమ ఇంకా పెరుగుతుంది.

అయితే వేసవిలో వెళ్ళొద్దంటారా?

ఊరు చూడడానికే అయితే నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్ళండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళను, చంటిపిల్లలను జూలైలో తీసుకెళ్ళొద్దని గట్టిగానే చెబుతాను. వేసవిలో హోటల్ గదులు చవగ్గా దొరుకుతాయి, రద్దీ తక్కువ, అదొక్కటే లాభం. కానీ మీవాళ్ళు ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే ఒక్కసారి ఎండాకాలంలోనే వెళ్ళి చూడండి. ఫోన్‌లో "మంచిగనే ఉన్న" అని వాళ్ళు చెప్పే మాటలో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

రోజంతా ఏసీలోనే కూర్చోవాలా? ఊరు ఎప్పుడు చూడాలి?

రోజును రెండు ముక్కలు చేసుకోవాలి. జూలైలో ఆరు గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. మేం ఐదుంపావుకే లేచి, తెల్లారీ తెల్లారకముందే బయటపడేవాళ్ళం. ఎనిమిదిన్నరకల్లా లోపలికి వచ్చేసేవాళ్ళం. సాయంత్రం ఏడు దాటాక పొద్దు గూకుతుంది, ఎనిమిది తర్వాత మళ్ళీ బయటికి. మధ్యలో నిద్ర, మాల్, మెట్రో. మన టైమ్ కంటే వాళ్ళది గంటన్నర వెనక. అమ్మకు ఎలాగూ ఇంటిదగ్గర ఆరున్నరకు తెలివొస్తుంది కాబట్టి అక్కడ ఐదింటికి లేవడం కష్టం కాలేదు.

ఆ పొద్దుటి రెండున్నర గంటల్లో చూడాల్సింది క్రీక్, అంటే ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఒక ఒడ్డు దేరా, ఇంకో ఒడ్డు బర్ దుబాయ్. రెంటి మధ్య అబ్రా అనే చెక్క పడవలు తిరుగుతాయి. ఒక్క దిర్హాము ఇస్తే చాలు, దాటిస్తారు. దుబాయ్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ ఒక్క దిర్హాము ప్రయాణమే. నీళ్ళ మీద కాస్త గాలి తగులుతుంది. ఒడ్డున పెద్ద చెక్క ఓడల్లోకి ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు ఎక్కిస్తుంటారు. పడవలో మా పక్కన కూర్చున్నవాళ్ళంతా డ్యూటీకి వెళ్తున్నవాళ్ళే. టూరిస్టులం మేమిద్దరమే.

బర్ దుబాయ్ ఒడ్డున అల్ ఫాహిదీ అనే పాత పేట ఉంది. ఇరాన్‌లోని బస్తక్ నుంచి 1890ల్లో వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్ళు అవి, అందుకే ఆ పేటను బస్తాకియా అని కూడా అంటారు. పగడపు రాయితో, జిప్సంతో కట్టిన మందపాటి గోడలు. చాలా ఇళ్ళ మీద నలుచదరపు బురుజు లాంటిది లేచి ఉంటుంది. దాన్ని బర్జీల్ అంటారు, గాలిగోపురం అనుకోండి. నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. ఏ పక్క నుంచి గాలి వీచినా పట్టుకుని కింద గదిలోకి దింపుతుంది, వేడిగాలి మరో పక్క నుంచి పైకి పోతుంది. దాని కింద నిలబడితే నిజంగానే మెడ మీద గాలి తగిలింది. సందులు కూడా కావాలనే ఇరుకుగా కట్టారు, ఒక గోడ నీడ ఎదుటి గోడ మీద పడేలా. కరెంటు లేని రోజుల్లో ఈ వేడిలో మనుషులు ఎలా బతికారా అని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను, జవాబు ఆ సందుల్లోనే దొరికింది. మన మండువా లోగిళ్ళు కట్టినవాళ్ళనూ వీళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే చాలా సంగతులు కలిసేవి.

మెట్రో వాడుకోవచ్చా? ట్యాక్సీయే మేలా?

మెట్రోయే మేలు. 2009 సెప్టెంబర్ 9న మొదలైంది, డ్రైవర్ లేకుండా నడుస్తుంది. నోల్ కార్డు కొనుక్కుంటే మెట్రోకి, బస్సుకి అదే చాలు. స్టేషన్లు చల్లగా ఉంటాయి, చాలాచోట్ల బస్‌స్టాప్‌లకు కూడా ఏసీ గదులున్నాయి. ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది. నేల మీద గులాబీ గీత కనిపిస్తుంది, మగవాళ్ళు అది దాటితే 100 దిర్హాముల జరిమానా. రైల్లో తినడం, తాగడం కుదరదు, మంచినీళ్ళు కూడా. అందుకే ఎక్కే ముందే అమ్మతో నీళ్ళు తాగించేవాణ్ణి. రోడ్డు ఎక్కడపడితే అక్కడ దాటినా జరిమానా ఉంది, జాగ్రత్త.

షేక్ జాయెద్ రోడ్డు పక్కన రెడ్ లైన్ నేలకు ఎత్తున వెళ్తుంది. ఆదివారం మామయ్యకు సెలవు. ఆ రోజు ముగ్గురం ఎక్కాం. ఆయన అద్దం దగ్గర నిలబడి, "అక్కా, ఆ నీలం అద్దాలది చూడు, అది మేం కట్టిందే. గిది కూడా. దాని వెనకది ఇరవై రెండో అంతస్తు దాకా నేనున్న, తర్వాత కంపెనీ మార్చిండ్రు" అని చూపిస్తూ వచ్చాడు. అమ్మ ఒక్కోటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పదకొండు. కాంక్రీటు పోసేముందు చెక్కలతో, ప్లైవుడ్‌తో అచ్చు కట్టేది షట్టరింగ్ వాళ్ళే. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ చెక్కలు విప్పి తీసుకెళ్ళిపోతారు. వాళ్ళ పని ఆ భవనంలో ఎక్కడా కంటికి కనిపించదు.

బుర్జ్ ఖలీఫా ఎక్కారా?

ఎక్కలేదు. 828 మీటర్ల భవనం, కింద నుంచి చూస్తేనే మెడ పట్టేసింది. టికెట్టు డబ్బులతో అమ్మ ఇంకో పని పెట్టుకుంది. దుబాయ్ మాల్‌లోకి మెట్రో స్టేషన్ నుంచి ఏసీ వంతెన ఉంది, కానీ చాలా పొడుగు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. మాల్ లోపల చలి ఎంత ఉంటుందంటే అమ్మ శాలువా కప్పుకుంది. బయట 42, లోపల 22. ఆ మార్పు కొందరికి పడదు. బ్యాగులో ఒక శాలువా ఉంచుకోండి.

చల్లనీళ్ళ కుళాయిలో కూడా వేడినీళ్ళు వస్తాయట, నిజమేనా?

నిజమే. నీళ్ళు డాబా మీద ట్యాంకుల్లో ఉంటాయి, ఎండకు అవి కాగిపోతాయి. పాత బిల్డింగుల్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. అక్కడివాళ్ళు దీనికొక ఉపాయం చేస్తారు. వేసవి రాగానే గీజర్ స్విచ్ ఆపేస్తారు. గీజర్ ఏసీ గదుల మధ్య ఉంటుంది కాబట్టి దాని లోపల నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. అందుకని వేసవిలో వేడినీళ్ళ పంపు తిప్పితే చల్లనీళ్ళు, చల్లనీళ్ళ పంపు తిప్పితే వేడినీళ్ళు. ఇది మామయ్య చెప్పేదాకా మేం పొద్దున్నే బకెట్లు నింపి చల్లారబెట్టుకున్నాం.

పెద్దవాళ్ళతో వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మా తప్పు చెబుతాను, మీరు చేయకండి. రెండో రోజు దేరాలో మసాలా దినుసుల బజార్ చూస్తూ పదిన్నర చేశాం. పైన కప్పు ఉంది కదా, నీడే కదా అనుకున్నాను. అమ్మ మాట్లాడడం తగ్గించింది, నేను గమనించలేదు. ఒక దుకాణం ముందు గోడ పట్టుకుని నిలబడిపోయింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు తిరుగుతున్నాయంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. దుకాణంలో మలయాళీ కుర్రాడు పరుగున వచ్చి లోపల ఏసీ కింద కూర్చోబెట్టాడు, తడిగుడ్డ మెడ మీద వేశాడు, పక్క కొట్టు నుంచి ఉప్పు వేసిన లబన్ తెప్పించాడు. లబన్ అంటే మన మజ్జిగే, కాస్త చిక్కగా ఉంటుంది. అరగంటకు అమ్మ తేరుకుంది. ఆ కుర్రాడు డబ్బులు ముట్టుకోలేదు.

దాహం వేసేదాకా ఆగకూడదు. నేనైతే ఆ తర్వాత ఫోన్‌లో అరగంటకోసారి అలారం పెట్టాను. ఒట్టి నీళ్ళు చాలవు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎండలో ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో డాక్టర్ని అడిగి బయలుదేరండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ, ఆలస్యం చేయకుండా 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. మాత్రల సంగతి ఇంకొకటి: కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు, నిద్ర మాత్రలు అక్కడ అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. ముందే చూసుకుని, డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి.

ఇంకో మంచి సంగతి. మసీదుల బయట, చాలా ఇళ్ళ గోడల దగ్గర చల్లనీళ్ళ కుళాయిలు ఉంటాయి. సబీల్ అంటారు. ఎవరైనా తాగొచ్చు, సీసా నింపుకోవచ్చు. చనిపోయినవాళ్ళ పేరున పుణ్యానికి పెట్టించినవి కూడా ఉంటాయని మామయ్య చెప్పాడు. అమ్మ వాటిని చలివేంద్రం అనే పిలిచింది, ప్రతిచోటా ఆగి రెండు గుక్కలు తాగి, పెట్టినవాళ్ళకు దండం పెట్టుకుంది.

అంత ఎండలో మనవాళ్ళు బయట పనిచేస్తారా?

చేస్తారు. చట్టం ఒకటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదు. చేయిస్తే ఒక్కో మనిషికి 5,000 దిర్హాముల చొప్పున, 50,000 దాకా జరిమానా. ఆ సమయంలో నీడ, నీళ్ళు, ఫ్యాన్లు కంపెనీయే ఏర్పాటు చేయాలి. ఈ నియమం మంచిదే, చాలా సైట్లు పాటిస్తాయి.

కానీ నేను ఒక మధ్యాహ్నం మూడుంపావుకు కావాలనే హోటల్ నుంచి బయటికి వచ్చి ఎదుటి సైట్ దగ్గర నిలబడ్డాను. మూడు గంటలకు ఎండ తగ్గదు. పొద్దుటి నుంచి కాలిన ఇనుము ఇంకా కాలుతూనే ఉంటుంది. మనుషులు తలకు, మెడకు తడిగుడ్డ చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకుని మళ్ళీ పైకెక్కుతున్నారు. పది నిమిషాలు ఊరికే నిలబడితేనే నా చెప్పుల్లోంచి వేడి అరికాలికి ఎక్కింది. పనిలేని సమయాన్ని పొద్దున సర్దుతారు కాబట్టి వాళ్ళ బస్సు నాలుగున్నరకే క్యాంపు, అంటే కూలీలుండే బస, నుంచి బయలుదేరుతుంది. దానికి ముందు వంట, స్నానం, క్యూ. అంటే మూడింటికే లేవాలి. పదకొండు గంటల ఎండ కూడా తక్కువేం కాదు, ఆ సమయం ఈ నియమంలోకి రాదు. తేమ, వేడి కలిపి కొలిచి ఆ లెక్కన పని ఆపాలి గాని గడియారాన్ని బట్టి కాదని నాకు అనిపించింది.

మామయ్యను ఇవన్నీ ఎప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే మీ అత్త అన్నం తింటదా అల్లుడా" అన్నాడు.

క్యాంపు లోపలికి వెళ్ళి మనవాళ్ళను చూడొచ్చా?

మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. మామయ్య ఉండేది సోనాపూర్‌లో. ఆ పేరు మ్యాపుల్లో ముహైస్నా అని ఉంటుంది, సోనాపూర్ మాత్రం అందరి నోటా ఉన్న పేరు. బంగారు ఊరు అని అర్థం. అమ్మకు ఆ పేరు చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది, బయటివాళ్ళకు, అందులోనూ ఆడవాళ్ళకు, రూముల్లోకి అనుమతి దొరకడం కష్టం. మీరు వెళ్ళేటట్టయితే ఆదివారం కలిసేలా పెట్టుకోండి. దేరా, కరామా, బర్ దుబాయ్‌లో చవక హోటళ్ళు బోలెడు. పది పదిహేను దిర్హాముల్లో కడుపునిండా అన్నం దొరుకుతుంది. కరక్ చాయ్ తాగుతూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. హిందీ వస్తే చాలు, భాషతో ఇబ్బంది లేదు. తెలుగు కూడా వెతక్కుండానే చెవిన పడుతుంది.

విజిట్ వీసా మీద వెళ్ళి పని చూసుకోవచ్చా?

ఊళ్ళో నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. పట్టుబడితే జరిమానా, తిప్పి పంపడం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరు. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది, వాళ్ళు పనికి వెళ్ళాలంటే మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఏజెంటా కాదా అన్నది కూడా అందులోనే చూసుకోవచ్చు. ఎవరి మాటో నమ్మి డబ్బు కట్టకండి.

బంగారం కొనుక్కురావచ్చా?

దేరా గోల్డ్ సూక్ చూడదగ్గది. గ్రాము ధర అన్ని కొట్లలో ఒకటే, బేరం ఆడాల్సింది మజూరీ మీద. కానీ నగల మీద కస్టమ్స్ మినహాయింపు ఏడాదికి పైగా అక్కడ ఉండి వచ్చేవాళ్ళకు ఇచ్చేది, నాలుగు రోజులు తిరిగొచ్చే మనకు కాదు. ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకంటే ఇక్కడే కొనుక్కోవడం నయం.

ఫోటోలు, ఫోన్ కాల్స్?

అడక్కుండా మనుషుల ఫోటోలు తీయకండి, నేరమే అవుతుంది. ఏసీలోంచి బయటికి రాగానే కెమెరా అద్దం మీద ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ఆగాలి. వాట్సాప్‌లో మెసేజ్‌లు, ఫోటోలు వెళ్తాయి, కాల్స్ మాత్రం అక్కడ కలవవు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి బయలుదేరండి, లేకపోతే కంగారు పడతారు.

రాత్రిపూట ఊరు ఎలా ఉంటుంది?

అసలు ఊరు రాత్రే లేస్తుంది. పగలు ఖాళీగా ఉన్న ఫుట్‌పాత్‌ల మీద పదింటికి జనం. పార్కుల్లో పిల్లలు పదకొండింటికి ఉయ్యాలలూగుతుంటారు. లైట్లు పెట్టి రాత్రి ఈతకు వదిలిన బీచ్‌లున్నాయి. ఒకరోజు కాళ్ళు తడుపుకుందామని వెళ్ళాం, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. వేసవిలో ఇంకొక అందం ఖర్జూరాలు. రోడ్డు మధ్య చెట్లకు గెలలు బంగారు రంగులో వేలాడుతుంటాయి, పక్షులు తినకుండా వల సంచులు కడతారు. మెత్తగా పండిన తాజా ఖర్జూరాన్ని రుతబ్ అంటారు, ఎండు ఖర్జూరానికి దానికి పోలికే లేదు. అది వేసవిలో వెళ్ళినవాళ్ళకే దొరుకుతుంది.

ఎండ ఎప్పుడు తగ్గుతుందని అడిగితే మామయ్య ఆకాశం చూపించాడు. ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున దక్షిణం వైపు సుహైల్ అనే చుక్క పొడుస్తుంది. అది కనిపిస్తే వేడి విరగడం మొదలైనట్టేనని అరబ్బుల తరతరాల లెక్క. ఇంటికొచ్చాక చూశాను, అది మన అగస్త్య నక్షత్రమే. సైట్ బస్సు కోసం చీకట్లో నిలబడే మనుషులు దాన్ని అందరికంటే ముందు చూస్తారు.

మనవాళ్ళకు ఏం తీసుకెళ్ళాలి? ఏం తీసుకెళ్ళకూడదు?

గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు. అక్కడ అవి మాదకద్రవ్యాల కింద లెక్క, జైలు దాకా వెళ్తుంది. ఇంట్లో కొట్టిన మసాలా పొడుల్లో కలిపి ఉంటాయి, అడిగి చూసుకోండి. అమ్మ గరం మసాలా డబ్బా ఆఖరి నిమిషంలో తీసి పక్కన పెట్టింది. గుట్కా, కిళ్ళీ లాంటివి కూడా వద్దు.

సకినాలు, గారెలు పెట్టుకోండి, విరిగినా పర్వాలేదు. మామిడికాయ తొక్కు పెట్టేటట్టయితే నూనె కారకుండా మూత మీద ప్లాస్టిక్ కట్టి, రెండు కవర్లలో వేసి, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. మేం మూడు కిలోలు తీసుకెళ్ళాం. బుర్జ్ ఖలీఫా డబ్బులు మిగిలాయన్నాను కదా, వాటితో అమ్మ మామయ్య రూములో ఎనిమిది మందికి మంచి కాటన్ తువ్వాళ్ళు కొన్నది, తలకు చుట్టుకోవడానికి.

ఆదివారం రాత్రి మెట్రో స్టేషన్ దగ్గర ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పదిన్నరకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నేల మీద పేపర్ పరిచి ఎనిమిది స్టీలు పళ్ళేలు, అన్నం మీద ఎర్రటి తొక్కు. మనుషులెవరూ ఫోటోలో లేరు, అంచున చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. అమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని, ఆ చేతుల్లో తమ్ముడివి ఏవో వెంటనే గుర్తుపట్టింది.